‘బాగుంది మేడం’ దగ్గరే ఆగిపోయే పిల్లలకు ఒకరి రాత ఒకరు చదవడం నేర్పేదెలా?

మేడం, మీ ప్రశ్న చదివాను. ఇది చూసే మిగతావాళ్ళ కోసం ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. మీరు ఈమధ్యే ఉద్యోగంలో చేరారు. ఆదోని వైపు ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్తున్నారు. సెక్షన్‌లో 50 మందికి పైనే ఉన్నారు. ట్రైనింగ్‌లో చెప్పినట్టు పిల్లలను జంటలు చేసి, నోటుపుస్తకాలు మార్పించి, ఒకరి రాత మీద ఒకరిని అభిప్రాయం రాయమన్నారు. సగం మంది ‘బాగుంది’ అని రాశారు. కొందరు అదీ లేకుండా టిక్కు కొట్టి ఇచ్చేశారు. వెనక బెంచీలో ఇద్దరు మగపిల్లలు ‘నా పుస్తకం అంతా గీకినాడు’ అని చొక్కాలు పట్టుకున్నారు. మర్నాడు ఒక తల్లి వచ్చి, ‘మా పాప బుక్కు వాళ్ళూ వీళ్ళూ దిద్దేదేంటికి, మీరుండేది ఎందుకు?’ అని అడిగి వెళ్ళింది. హెచ్‌ఎం సార్ సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందంటున్నారు. ఇదంతా మానేయాలా, కొనసాగించాలా అని మీరు అడిగారు.

కొనసాగించండి. కానీ పిల్లలకు ఇచ్చే పని మార్చండి. మీరు వాళ్ళను టీచరు ఉద్యోగం చేయమన్నారు. పదమూడేళ్ళ పిల్లాడికి అది రాదు, రావాల్సిన పని కూడా లేదు. వాడికి చేతనైన పని ఒకటుంది, చదవడం. చదువుతూ ఎక్కడ అర్థమైందో, ఎక్కడ ఆగిపోయాడో, ఇంకేం తెలుసుకోవాలనిపించిందో వాడు నిజంగా చెప్పగలడు. ‘ఎలా ఉంది?’ అని అడిగామనుకోండి, పెళ్ళి భోజనం గురించి అడిగినప్పుడు మనమనే మాటే వాడూ అంటాడు. బాగుంది. అందులో వాడి తప్పేం లేదు. ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబు అదొక్కటే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. మనం చేయించినా చేయించకపోయినా తరగతిలో పిల్లలు ఒకరి పని మీద ఒకరు మాట్లాడుకుంటూనే ఉంటారు. న్యూజిలాండ్‌లో గ్రాహమ్ నట్‌హాల్ అనే పరిశోధకుడు పిల్లలకు చిన్న మైకులు తగిలించి, తరగతిలో వాళ్ళు గుసగుసగా మాట్లాడుకునేది కూడా రికార్డు చేయించాడు. తమ పని ఎలా ఉందన్న కబురు పిల్లలకు ఎక్కువగా పక్క పిల్లల దగ్గరి నుంచే అందుతోందని, అందులో చాలా భాగం తప్పేనని తేలింది. కాబట్టి ‘పిల్లలు పిల్లలకు చెప్పొచ్చా’ అన్న చర్చ అనవసరం. వాళ్ళు చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ చెప్పుకునేది పనికొచ్చేలా చేయగలమా అన్నదొకటే మన చేతిలో ఉంది.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. మొదటిసారి పుస్తకాలు మార్పించకండి. బోర్డు మీద మీ రాతే పెట్టండి. నేను కొత్త తరగతితో మొదలుపెట్టేటప్పుడు ‘బస్టాండు నుంచి మన బడికి దారి’ అని ఐదారు వాక్యాలు రాస్తాను. కావాలనే కొన్ని వదిలేస్తాను. ఎడమకా కుడికా అన్నది రాయను. ‘కొంచెం దూరం పోయాక’ అని రాస్తాను. ‘ఈ ఊరు ఎప్పుడూ చూడని మనిషి ఈ కాగితం పట్టుకుని బస్సు దిగినాడు. యాడ ఆగిపోతాడో చెప్పండి’ అంటాను. రెండు నిమిషాల్లో తరగతి అంతా లేచి నిలబడుతుంది. ‘సార్, అంగడి దగ్గర రెండు దోవలుండాయి, ఏది పట్టుకోవల్ల?’ అని ఒకడు. ‘కొంచెం దూరమంటే ఎంత సార్?’ అని ఇంకొకరు. నేను వాదించను. వాళ్ళు అడిగినచోటల్లా ప్రశ్న గుర్తు పెట్టి, వాళ్ళ ముందే తిరగరాస్తాను. సారు రాతలోనే ఇన్ని ప్రశ్నలు వచ్చాయంటే తమ రాతలో ప్రశ్నలు రావడం అవమానమేమీ కాదని వాళ్ళకు తెలిసిపోతుంది. చొక్కాలు పట్టుకునే గొడవల్లో చాలావరకు ఇక్కడే తగ్గుతాయి.

రెండో వారం పిల్లల రాతకు రండి. విషయం మాత్రం చూసుకుని ఎంచుకోండి. ‘నాకు నచ్చిన పండుగ’ లాంటివి వద్దు. అందులో ఆగిపోవడానికి ఏమీ ఉండదు, అందరూ ఒకేలా రాస్తారు. ఎదుటివాడు చదివి ఏదో ఒకటి చేయాల్సిన రాత అయితే మేలు. మన వైపు నేను ఎప్పుడూ వాడేది ‘ఉగ్గాని చేసే విధానం’. బొరుగులతో, అంటే మరమరాలతో చేసే టిఫిన్ అది. ప్రతి ఇంట్లో చేస్తారు, ప్రతి పిల్లా చూసి ఉంటుంది, మగపిల్లలకు కూడా దాని మీద గట్టి అభిప్రాయాలుంటాయి.

ఒక పాప రాసింది ఇలా ఉంది:

“ముందు బొరుగులు నీళ్ళలో వెయ్యాలి. తర్వాత ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు కోసి బాణలిలో వేయించాలి. పసుపు, ఉప్పు వెయ్యాలి. అందులో బొరుగులు వెయ్యాలి. పప్పుల పొడి చల్లితే ఉగ్గాని రెడీ. బజ్జీతో తింటే సూపర్‌గా ఉంటుంది.”

మామూలుగా దిద్దితే దీనికి మంచి మార్కులే వస్తాయి. ఒత్తులు తప్పలేదు, వాక్యాలు సరిగ్గా ఉన్నాయి. జంటలో రెండో పాపకు నేను చెప్పిన పని ఒకటే: ‘నువ్వు ఉగ్గాని ఎప్పుడూ చూడలేదు. కాగితంలో ఏముంటే అదే చెయ్యి. చేతులతో చేసి చూపించు.’ ఆ పాప లేచి నిలబడి ఉత్త చేతులతో వంట మొదలుపెట్టింది. మొదటి వాక్యం దగ్గరే ఆగింది. ‘బొరుగులు నీళ్ళలో ఎంతసేపు ఉండల్ల? నీళ్ళతోనే తీసి బాణలిలో వెయ్యల్లా?’ రాసిన పాప, ‘పిండల్ల కదా, తెలీదా నీకు?’ అంది. ‘పిండమని రాయల్యా నువ్వు’ అని జవాబు. తర్వాత బాణలి దగ్గర మళ్ళీ ఆగింది. ‘నూనె యాడ?’

రాసిన పాప అప్పటికప్పుడు కాస్త ఉడుక్కుంది కానీ పెన్ను తీసింది. తిరగరాసిన దాంట్లో ఈ వాక్యాలు వచ్చాయి: “బొరుగులు నీళ్ళలో వేసి, తడిసిన వెంటనే రెండు చేతులతో గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. ఎక్కువసేపు ఉంచితే ముద్ద అవుతాయి.” ఆ రెండో వాక్యం చూడండి. ఎందుకు అలా చేయాలో కూడా చెప్పింది. కారణం రాయమని నేను చెప్పలేదు, పక్క పాప కూడా చెప్పలేదు. చదివేవాళ్ళు ఒకరు ఉన్నారని తెలిసేసరికి తనకే తోచింది. పాఠ్యపుస్తకంలో ‘వివరంగా రాయండి’ అని ఎన్నిసార్లు ఉన్నా ఇది రాదు.

పద్ధతి వివరాలు కొన్ని. పిల్లల చేతిలో పెన్సిల్ మాత్రమే ఉండాలి. ఎర్ర పెన్ను వద్దు, పెన్నే వద్దు. ఆగిపోయిన చోట పక్కన ఒక ప్రశ్న గుర్తు, కళ్ళకు కట్టినట్టు అనిపించిన చోట కింద ఒక గీత. రెండే గుర్తులు. కొట్టివేత లేదు, మార్పు లేదు, వాక్యం రాయాల్సిన పని లేదు. అడగాల్సింది నోటితో అడగాలి. గట్టిగా అనిపించిన ఒక ప్రశ్న చాలు. రాసినవాళ్ళు మధ్యలో అడ్డం పడి వివరణ ఇవ్వకూడదు. ‘అది అందరికీ తెలిసిందే కదా’ అనే మాట తరగతిలో నిషేధం. చివరగా, తిరగరాయడానికి పది నిమిషాలు అదే పీరియడ్‌లో ఇవ్వాలి. ఈ చివరిది మనలో చాలామంది వదిలేస్తారు. గంట కొట్టేస్తారు, ‘ఇంటికాడ రాసుకుని రండి’ అంటాం, అది జరగదు. తిరగరాయని రోజున మిగతా అంతా వట్టి కాలక్షేపం. పీరియడ్ సరిపోకపోతే రాసేది ఐదు వాక్యాలకు తగ్గించండి, తిరగరాసేది మాత్రం తగ్గించకండి.

ఇదే పద్ధతి మీ సిలబస్‌లో ఉన్న లేఖలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ‘మా వీధిలో బోరింగు పని చేయడం లేదు’ అని పంచాయతీ కార్యదర్శికి లేఖ రాయించండి. పక్కవాడు కార్యదర్శి. వాడికి కుర్చీలో కూర్చునే హక్కు ఇస్తే ఇంకా బాగా చేస్తాడు. చదివి, ‘ఏ వీధి? ఎన్నాళ్ళ నుంచి? చుట్టుపక్కల ఇంకో బోరింగు ఉందా లేదా? నేను ఎవర్ని పంపల్ల?’ అని అడుగుతాడు. మన పిల్లలు లేఖలో ‘తమరు దయతలచి’ అని మూడుసార్లు రాస్తారు, వీధి పేరు ఒక్కసారి కూడా రాయరు. ఆ సంగతి నేను చెప్తే సలహా. ‘కార్యదర్శి’ అడిగితే అవసరం.

పద్య భావాలకైతే ఇంకో దారి. పక్కవాడు భావం ఒకసారి చదివి, పుస్తకం మూసి, తన మాటల్లో చెప్పాలి. రాసినవాడు వినాలి. తను అనుకున్నది వేరు, పక్కవాడికి చేరింది వేరు అయితే ఎక్కడ మార్చాలో వాడికే తెలుస్తుంది. గైడు చూసి దించిన భావాలు కూడా ఇక్కడే బయటపడతాయి. చదివినవాడు నోరు తెరిచేసరికి ఏమీ రాదు, ఎందుకంటే రాసినవాడికే తెలియదు.

ఇక పిల్లల చేతికి ఇవ్వకూడనిది ఏమిటంటే, అక్షరదోషాలు దిద్దడం. మనకు మొదట తోచేది అదే, నష్టం చేసేదీ అదే. ‘విద్యార్థి’ అని సరిగ్గా రాసినదాన్ని పక్కవాడు ‘విద్యార్ది’ చేస్తాడు. ‘స్వచ్ఛత’ కాస్తా ‘స్వచ్చత’ అవుతుంది. ఇద్దరిలో ధైర్యంగా మాట్లాడేవాడిదే గెలుపు, సరైనవాడిది కాదు. అందుకే ఆ రెండు గుర్తులు కాక, మాటల విషయంలో నా నియమం ఇంకొకటి: అనుమానం వస్తే మాట పైన చిన్న చుక్క పెట్టాలి, అంతే. రాసినవాడు పాఠ్యపుస్తకంలోనో, నిఘంటువులోనో, నా దగ్గరో సరిచూసుకోవాలి. చుక్క పెట్టినంత మాత్రాన తప్పని కాదు. కొన్నిసార్లు చుక్క పెట్టినవాడే సరైన రూపం నేర్చుకుని వెళ్తాడు.

మార్కులు కూడా వద్దు. కొన్ని బడుల్లో పిల్లల చేత పదికి ఎన్ని అని వేయిస్తున్నారు, లెక్క త్వరగా తేలుతుందని. దాంతో స్నేహితుడికి పది, పడనివాడికి నాలుగు. ఇంతకన్నా లోతైన ఇబ్బంది ఒకటుంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలను మూడు రకాలుగా విడదీశారు. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు తర్వాతి పనిలో మెరుగయ్యారు, ఆసక్తి నిలుపుకున్నారు. రెండూ అందుకున్నవాళ్ళు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే ఉండిపోయారు. అంకె కనపడగానే పక్కనున్న వ్యాఖ్య చదవరన్నమాట. ఏడు వేసి పక్కన ఎంత చక్కగా రాసినా పిల్లాడు ఏడే చూస్తాడు, వెంటనే పక్కవాడికి ఎన్ని వచ్చాయో చూస్తాడు. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడిలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు మీరే వేయండి. 2020 జాతీయ విద్యా విధానం ప్రగతి పత్రంలో టీచరు మూల్యాంకనంతో పాటు స్వీయ మూల్యాంకనం, తోటి పిల్లల మూల్యాంకనం కూడా ఉండాలంటుంది, నిజమే. దానర్థం పిల్లలు ఒకరికొకరు అంకెలు వేసుకోవాలని కాదు.

ఆ తల్లికి ఇచ్చే జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. ‘అమ్మా, మీ పాప పుస్తకం దిద్దేది నేనే. అక్కడ నా సంతకం ఉంది చూడండి. ఇది రఫ్ బుక్కు. పక్క పాప చదివి యాడ అర్థం కాలేదో చెప్పింది, మీ పాప మళ్ళీ రాసింది’ అని ముందు రాసింది, తర్వాత రాసింది పక్కపక్కన పెట్టి చూపించండి. చదువు రాని తల్లి అయితే పాప చేతనే రెండూ చదివించండి. చెవికి తేడా తెలుస్తుంది. దీనికోసమే రఫ్ బుక్కు వేరుగా పెట్టించమంటున్నాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఫెయిర్ నోట్సులో పెన్సిల్ గుర్తులు చూస్తే ఇంకో అరగంట వాళ్ళకు చెప్పుకోవాలి.

జంటల విషయం మీరు అడగలేదు కానీ అసలు చిక్కు అక్కడే ఉంటుంది. పిల్లలనే ఎంచుకోమంటే ఒకే వీధి పిల్లలు ఒక చోట చేరతారు. మన ఊళ్ళలో వీధి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఎవరి పుస్తకం ఎవరు ముట్టుకోవడం లేదో ఒక వారం గమనించండి, మాట్లాడకండి, తర్వాత జంటలు మీరే వేయండి. రోల్ నంబర్ల చీటీలు తీసి వేస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అనలేరు. నెలకోసారి మార్చండి. ఆడపిల్లలను, మగపిల్లలను ఎనిమిదిలో ఒకే బెంచీలో కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి. కాగితాలు మార్చుకుంటే చాలు, మనుషులు మారనక్కర్లేదు. చొక్కాలు పట్టుకున్న ఆ ఇద్దరినీ కొన్నాళ్ళు వేరే వేరే జంటల్లో పెట్టండి. ‘సారీ చెప్పుకోండి’ అని బలవంతపు రాజీలు చేయించకండి.

తెలివైన పిల్లకు వెనకబడిన పిల్లను జత చేసి ‘నువ్వు నేర్పు’ అనడం మనకు బాగా అలవాటు. దీనికి మన ప్రాంతంలోనే పాత చరిత్ర ఉంది. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల వివరాలు అడిగితే, బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతంతో పాటు మన ఆదోని కూడా ఉండేది. జిల్లాలో 533 బడులున్నాయని లెక్క చెప్పాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్తూ, చెప్పడంలో తమ చదువును గట్టిచేసుకునే పద్ధతి మెచ్చదగ్గదని, ఇంగ్లండులో దీన్ని అనుసరించడం సబబేనని రాశాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయంలో నడిపిన ఈ పద్ధతి గురించి ఆండ్రూ బెల్ 1797లో పుస్తకం వేశాక, అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బడుల్లోకి పోయింది. మనం ట్రైనింగుల్లో విదేశీ పద్ధతిగా వింటున్నదాని మూలం మన వీధి బడి అరుగు మీద ఉందన్నమాట.

అయితే అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఇంకో మాటా రాశాడు. ఈ పిల్లలు పద్యాలు బోలెడు అప్పజెప్తారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అని. పిల్లలు పిల్లలకు చెప్పుకోవడం దివ్యంగా నడిచింది, చేతులు మారింది మాత్రం వల్లెవేత. నేను ఈ పాత కథ చెప్పేది ఇందుకే. జంట కట్టించినంత మాత్రాన ఏమీ రాదు. ఆ జంట మధ్య ఏం నడుస్తోందన్నది చూసుకోవాలి. ‘నువ్వు నేర్పు’ అంటే తెలివైన పిల్ల జవాబు చెప్తుంది, రెండో పిల్ల దించుకుంటుంది. ‘నువ్వు చదువు, ఆగిన చోట అడుగు’ అంటే వెనకబడిన పిల్లే మంచి పాఠకురాలు, ఎందుకంటే ఆమె నిజంగా ఆగిపోతుంది. తరగతి ఫస్ట్ వచ్చే పిల్లాడు పక్కవాడు రాయనిది కూడా ఊహించుకుని చదివేసి ‘అంతా అర్థమైంది’ అంటాడు.

భాష గురించి. కౌతాళం, హొళగుంద, కోసిగి వైపు పిల్లల్లో ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్ళు ఉంటారు, ఆదోని టౌనులో ఉర్దూ పిల్లలుంటారు. మాట్లాడుకునేది ఏ భాషలో అయినా మాట్లాడుకోనివ్వండి. రాత తెలుగులో ఉంటే చాలు. కన్నడ పిల్ల కన్నడ పిల్లను ‘ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?’ అని కన్నడలో అడిగి, జవాబును ఇద్దరూ కలిసి తెలుగులో కూర్చుకుంటుంటే, తెలుగు టీచరుగా నాకు అంతకన్నా కావాల్సింది లేదు.

సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే పిల్లల సంగతి వేరే చెప్పాలి. మిరప కోతలకు, పత్తి తీయడానికి కుటుంబాలు గుంటూరు వైపు కదిలినప్పుడు మీ జంటలన్నీ చెదిరిపోతాయి. మిగిలిన వాళ్ళను ముగ్గురేసి చేయండి. తిరిగొచ్చిన పిల్లాడిని మాత్రం ‘నీకు ఇన్ని పాఠాలు పోయాయి’ అని మొదలుపెట్టకండి. ‘మిరపకాయలు ఎలా కోస్తారు, ఎలా ఆరబోస్తారు’ అని రాయించండి. తరగతిలో అది తెలిసినవాడు వాడే. చదివేవాడికి అడగడానికి నిజమైన ప్రశ్నలుంటాయి. తోటి పిల్లల దగ్గర ఏదో ఒకటి తెలిసినవాడిగా మళ్ళీ అడుగుపెట్టడం వాడికి అవసరం.

మీ స్టాఫ్ రూములో లెక్కల టీచరు ‘మాకు ఇదేం కుదురుతుంది’ అంటారని రాశారు. కుదురుతుంది, ఇంకా సులువు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఒక అలవాటు పెట్టుకున్నాడు. ఒక ప్రశ్న ఇస్తాడు. ఎవరికి వారే ఆలోచించి జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాడిని ఒప్పించడానికి ప్రయత్నిస్తారు. మళ్ళీ జవాబు చెప్తారు. మొదటిసారి చాలా కొద్దిమందికే సరైనది తెలిస్తే చర్చ దండగ, టీచరే చెప్పాలి. దాదాపు అందరికీ తెలిసినా దండగే. 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడే పిల్లల మాటలకు బలం. జవాబులు లెక్కపెట్టడానికి మన దగ్గర యంత్రాలు అక్కర్లేదు. ‘మైనస్ 3, మైనస్ 7లలో ఏది పెద్దది?’ అని బోర్డు మీద రాసి, మొదటిది అనుకుంటే ఒక వేలు, రెండోది అయితే రెండు వేళ్ళు గుండెకు ఆనించి చూపించమనండి. పైకెత్తితే ఫస్ట్ బెంచీని చూసి అందరూ మార్చేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం మాటలకు ముందు ఒక నిమిషం మౌనం. అది లేకుండా ‘జంటల్లో మాట్లాడుకోండి’ అంటే ఒకడు మాట్లాడతాడు, ఒకడు తలూపుతాడు.

సైన్సులో అయితే బొమ్మలు. అమెరికాలో ఐడాహో రాష్ట్రంలోని బోయిసీలో ఆస్టిన్ అనే ఒకటో తరగతి పిల్లాడు వేసిన సీతాకోకచిలుక బొమ్మ గురించి రాన్ బెర్గర్ అనే ఉపాధ్యాయుడు చాలా చోట్ల చెప్తుంటాడు. తోటి పిల్లలు అసలు ఫోటో పక్కన పెట్టుకుని ఎక్కడ తేడా ఉందో చెప్తూ పోతే, ఆ పిల్లాడు మళ్ళీ మళ్ళీ వేసి ఆరో ప్రయత్నానికి అచ్చం సీతాకోకచిలుకను దించేశాడు. అందులో కిటుకు పిల్లల మంచితనంలో కన్నా పక్కన ఫోటో ఉండటంలో ఉంది. మీ సైన్సు మేడంను మందార పువ్వులు తెప్పించమనండి. బల్ల మీద పువ్వు, పక్కన బొమ్మ. ‘రేకులు నాలుగే వేసినావు, పువ్వుకు ఐదున్నాయి’, ‘కేసరాలు విడివిడిగా వేసినావు, ఇక్కడ గొట్టంలా అంటుకుని ఉన్నాయి చూడు’ అంటారు. ఎవరి అభిప్రాయమూ కాదు కాబట్టి ఎవరికీ కోపం రాదు. ఉగ్గానిలో చేతులు, లేఖలో కార్యదర్శి, ఇక్కడ పువ్వు. చూసి చెప్పడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, అప్పుడే పిల్లల మాట గాలిలో కలవదు.

హెచ్‌ఎం సార్‌కు ఏం చెప్పాలి? ప్రతి పాఠానికీ చేయొద్దు. వారానికి ఒక పీరియడ్, అదీ ఎలాగూ రాత పని చేయించాల్సిన పీరియడ్. సిలబస్‌లో ఉన్న లేఖ, కరపత్రం, సంభాషణ, వ్యాసం, వీటినే వాడండి, కొత్తవి కనిపెట్టొద్దు. మొదటి నెల గోల ఉంటుంది, పక్క క్లాసు సార్ వచ్చి చూసి వెళ్తారు. ఓర్చుకోండి. దిద్దే భారం తగ్గుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి, తగ్గదు. తిరగరాసినవే మన దగ్గరకు వస్తాయి కాబట్టి దిద్దబుద్ధేస్తుంది, అంతే లాభం. పిల్లల రాతలను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, బాగున్నవి కూడా. పక్కవాడి ముందు తప్పు చేసే చనువు ఊరందరి ముందు ఉండదు.

చివరలో మీరు పదో తరగతి గురించి అడిగారు. అక్కడ పబ్లిక్ పరీక్ష ఉంది కాబట్టి పద్ధతి కాస్త మారుస్తాను. జవాబు ఎలా ఉండాలో ముందు తరగతితోనే బోర్డు మీద తేల్చుకుంటాం. ఉదాహరణకు పాత్ర స్వభావం రాయమంటే కనీసం మూడు గుణాలు, ఒక్కోదానికి పాఠంలోని ఒక సంఘటన. తర్వాత గత సంవత్సరపు పిల్లల జవాబులు, పేర్లు తీసేసినవి రెండు ఇస్తాను, ఒకటి పొడవుగా ఉండి విషయం లేనిది, ఒకటి పొట్టిగా ఉండి అన్నీ ఉన్నది. ఏది మంచిదో జంటల్లో తేల్చమంటాను. పొడవుదానికే ఎక్కువ ఓట్లు పడతాయి. సంఘటనల కింద గీతలు గీయమన్నాక లెక్క తిరగబడుతుంది. ఆ తర్వాతే సొంత జవాబులు మార్చుకుంటారు, గీతలు లెక్కపెట్టి తిరిగి ఇస్తారు. ఫిబ్రవరి దాటాక ఇది చేయను. అప్పటికి పిల్లలు టెన్షన్‌లో ఉంటారు, పక్కవాడి ప్రశ్న కూడా దెబ్బలా తగులుతుంది. మీరు కూడా పదిని జూన్, జూలైలలో మొదలుపెట్టుకోండి. ఈ ఏడాదికి ఎనిమిదో తరగతి ఒక్కటి చాలు. బొరుగులతో మొదలుపెట్టి, లేఖ దాకా వచ్చాక ఏం జరిగిందో ఇక్కడే రాయండి, చూస్తాను.